మెకానిక్ దగ్గర బాగానే నడుస్తోంది, నా షాపుకి తెచ్చి ఆన్ చేస్తే క్రాష్ అవుతోంది

పర్లాకిమిడి కార్డులవాడు:

అందరికీ నమస్కారం. మాది ఒడిశా, గజపతి జిల్లా, పర్లాకిమిడి. బజారులో చిన్న డీటీపీ షాపు ఉంది. పెళ్ళికార్డులు, గృహప్రవేశం కార్డులు, జెరాక్స్, ఆన్‌లైన్ ఫారాలు, ఇదే నా బతుకుతెరువు. ఒకే కార్డు మీద ఒకవైపు ఒడియా, రెండోవైపు తెలుగు వేయించుకునేవాళ్ళు మా దగ్గర చాలామంది. పెళ్ళికూతురిది పాతపట్నం, పెళ్ళికొడుకుది మోహన అనుకోండి, రెండు భాషలూ ఉండాల్సిందే కదా. తెలుగుని పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతో చేస్తాను, ఒడియాకి ఆకృతి ఫాంట్లు వాడతాను.

సమస్య కొంచెం పొడుగు. ఏ ముక్క పనికొస్తుందో నాకు తెలియదు కాబట్టి అన్నీ రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

కంప్యూటర్ 2013లో అసెంబుల్ చేయించింది. ఇంటెల్ కోర్ ఐ3 మూడో జనరేషన్, హెచ్61 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్. 2019లో మా మెకానిక్ తమ్ముడు 240 జీబీ ఎస్ఎస్‌డీ వేసి విండోస్ 10 ఎక్కించాడు. పాత 500 జీబీ హార్డ్ డిస్క్ కూడా అలాగే ఉంది, నా ఫైళ్ళన్నీ అందులోనే. అప్పటినుంచి మొన్నటిదాకా ఒక్కరోజు కూడా నన్ను ఇబ్బంది పెట్టలేదు.

ఇప్పుడేమవుతోందంటే, బటన్ నొక్కగానే ఫ్యాన్లు తిరుగుతాయి, ఒక బీప్ వస్తుంది, బోర్డు కంపెనీ బొమ్మ పడుతుంది. తర్వాత విండోస్ గుర్తు, దాని కింద చుక్కలు. ఆ చుక్కలు రెండు చుట్లు తిరుగుతాయో లేదో, ఒక్కసారిగా నీలం తెర, ఏడుపు మొహం గుర్తు, కింద ఏదో ఇంగ్లీషు లైను. నేను చదివేలోపే రీస్టార్ట్ అయిపోతుంది. మళ్ళీ అదే. రెండు మూడుసార్లు అలా అయ్యాక ఆటోమేటిక్ రిపేర్ అని వస్తుంది, చాలాసేపు తిరిగి, రిపేర్ చేయలేకపోయామని చెప్పి ఆగిపోతుంది.

మొదటిసారి మెకానిక్ షాపుకే వచ్చి ఐదు నిమిషాల్లో లేపేశాడు. రోజంతా పని చేసుకున్నాను. మర్నాడు పొద్దున్న మళ్ళీ అదే కథ. ఆటోలో వేసుకుని అతని దగ్గరికి తీసుకెళ్ళాను. డిస్క్‌ని మదర్‌బోర్డుకి కలిపే సాటా కేబుల్ మార్చాడు, ర్యామ్ స్లాటు మార్చాడు. నా కళ్ళముందే రెండు గంటలు నడిచింది. మళ్ళీ ఆటోలో షాపుకి తెచ్చి పెట్టగానే నీలం తెర. ఇంకోసారి తీసుకెళ్తే లోపల కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ డబ్బా కూడా మార్చి చూశాడు. అక్కడ నడిచింది, ఇక్కడ లేదు. 'అన్నా, నీ షాపు కరెంటులోనే ఏదో ఉంది' అన్నాడు. నిజమే అనిపించింది, ఎందుకంటే క్యాబినెట్ ముట్టుకుంటే ఒక్కోసారి వేలికి జిల్లుమంటుంది. 1,800 పెట్టి స్టెబిలైజర్ కొన్నాను. అతనే వచ్చి దాన్ని బిగించి కంప్యూటర్ ఆన్ చేసి ఇచ్చాడు. రెండు రోజులు చక్కగా నడిచింది, గండం గట్టెక్కిందనుకున్నాను. మూడో రోజు పొద్దున్న తలుపు తీసి ఆన్ చేస్తే మళ్ళీ మొదటికొచ్చింది.

ఇంకో మాట. సంక్రాంతి తర్వాత నా యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయింది. అది తీసేసి కంప్యూటర్‌ని నేరుగా స్విచ్ బోర్డుకే పెట్టుకున్నాను. ఇది మొదలైంది ఇంచుమించు ఆ రోజుల్లోనే. అందుకే కరెంటు మీద నాకూ అనుమానం.

ఇప్పుడు మెకానిక్ ఫార్మాట్ ఒక్కటే దారి అంటున్నాడు. సీ డ్రైవ్ ఒక్కటే పోతుంది, ఫైళ్ళకేం కాదు అంటున్నాడు. మంచివాడే, నాకు పదేళ్ళుగా తెలుసు. అయినా నా మనసు ఒప్పుకోవడం లేదు. కారణం కార్డులు కాదు.

మా నాన్నగారు తెలుగు మాస్టారు. రిటైరయ్యాక సైకిలేసుకుని పర్లాకిమిడి, పాతపట్నం, మెళియాపుట్టి చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి, ముసలమ్మల పక్కన కూర్చుని పెళ్ళిపాటలు రాసుకొచ్చేవారు. నలుగు పాటలు, తలంబ్రాల పాటలు, అప్పగింతల పాటలు. కొన్ని తెలుగులో మొదలై మధ్యలో ఒడియా మాటలు కలుస్తాయి. మొత్తం 143 పాటలు. రోజూ షాపు కట్టే వేళకి వచ్చి స్టూలు మీద కూర్చుని చదివేవారు, నేను టైపు చేసేవాణ్ణి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఇంట్లోకి నీళ్ళొచ్చి ఆయన నోటు పుస్తకాలు నానిపోయాయి. సిరా అంతా కలిసిపోయి ఏ అక్షరమూ మిగల్లేదు. మూడేళ్ళ క్రితం ఆయన కూడా వెళ్ళిపోయారు. ఆ పాటలు ఇప్పుడు ఆ హార్డ్ డిస్క్‌లో తప్ప ఇంకెక్కడా లేవు.

మూఢం వెళ్ళి ముహూర్తాలు మొదలయ్యాయి, నాలుగు కార్డుల ఆర్డర్లు చేతిలో ఉన్నాయి. అయినా అవి ఎలాగో తిప్పలు పడతాను. ఫార్మాట్ కాకుండా దారి ఉంటే చెప్పండి.

రాయగడ ల్యాబ్:

అన్నా, నేను రాయగడలో ఒక స్కూలు కంప్యూటర్ ల్యాబ్ చూస్తాను. ఇలాంటివి నెలకొకటి వస్తాయి. చాలావరకు ర్యామే కారణం. ఆటోలో కుదుపులకి కాస్త కదిలినా సరిపోతుంది. కరెంటు తీసేసి ర్యామ్ బయటికి తీయండి. కింద బంగారు రంగులో గీతలు ఉంటాయి కదా, వాటిని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, రెండువైపులా క్లిప్పు టక్కుమనేదాకా నొక్కండి. రెండు స్టిక్కులుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి.

బోర్డు మీద నిలువుగా ఉండే చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్లను కూడా టార్చి వేసి చూడండి. తల ఉబ్బి ఉన్నా, గోధుమరంగు జిగురు కారినా బోర్డు పని అయిపోయినట్టే.

పర్లాకిమిడి కార్డులవాడు:

ఇప్పుడే చేశాను తమ్ముడూ. ఒక్కటే స్టిక్కు. రబ్బరుతో రుద్ది, రెండు స్లాట్లలోనూ పెట్టి చూశాను. మార్పు లేదు. కెపాసిటర్ల తలలు సాపుగానే ఉన్నాయి, ఒక్కటీ ఉబ్బలేదు.

గుణుపురం టీచర్:

బాబూ, నాకు రిపేర్ల సంగతి అంతగా తెలియదు. కానీ మీ నాన్నగారి పాటల మాట చదివాక ఊరుకోలేకపోయాను. ముందు ఆ పాటల్ని బయటికి తీయండి, కంప్యూటర్ సంగతి తర్వాత చూడొచ్చు.

మా ఇంట్లో కూడా విండోస్ లేవనప్పుడు మా అబ్బాయి ఇలా చేశాడు. ఉబుంటు అని ఉచితంగా దొరికే సిస్టమ్‌ని వేరే కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఆ పెన్‌డ్రైవ్ మీదే మా కంప్యూటర్‌ని నడిపాడు. మొదట్లో ట్రై అని, ఇన్‌స్టాల్ అని రెండు అడుగుతుంది. ట్రై మీదే నొక్కాలి, ఇన్‌స్టాల్ జోలికి అస్సలు పోవద్దు. అప్పుడు హార్డ్ డిస్క్‌లో ఫోల్డర్లన్నీ కనిపిస్తాయి, ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవచ్చు. అదీ కుదరకపోతే హార్డ్ డిస్క్‌ని ఊడదీసి సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్‌తో ఏ లాప్‌టాప్‌కైనా తగిలించండి. మీ ఫైళ్ళు విండోస్ ఉన్న డిస్క్‌లో కాక వేరే డిస్క్‌లో ఉండటం మీ అదృష్టం.

కాపీ అయ్యేదాకా ఎవరు చెప్పినా ఫార్మాట్‌కి ఒప్పుకోకండి. ఏ డిస్క్ ఏదో పొరబడటానికి ఒక్క క్లిక్కు చాలు.

జయపురం:

నా మాట కటువుగా ఉంటే ఏమీ అనుకోకండి. 2013 నాటి మెషీన్ మీద ఇంకా డబ్బు పోయకండి. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచి అడుగుతుంది, మీది మూడోది. ఆన్‌లైన్ ఫారాలు నింపుతున్నారంటే జనాల ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు మీ చేతుల్లో ఉన్నట్టే. సెకండ్ హ్యాండ్‌లోనైనా ఎనిమిదో జనరేషన్‌ది చూసుకోండి.

బరంపురం సర్వీస్:

కొత్తది కొనమన్న సలహా తప్పేమీ కాదు. కానీ అంతకంటే ముందు ఇది అర్థం కావాలి, లేకపోతే కొత్తదానికి కూడా భయపడుతూనే ఉంటారు. బరంపురంలో పదహారేళ్ళుగా రిపేర్లు చేస్తున్నాను. మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఇలాగే అన్నీ వివరంగా రాస్తే సగం పని అయిపోయినట్టే.

పాడైన ర్యామ్ ఊరు చూసి పాడవదు. మెకానిక్ షాపులో కూడా ఎప్పుడో ఒకప్పుడు దొరికిపోవాలి. మీది ప్రతిసారీ ఒకేచోట, చుక్కలు తిరిగేటప్పుడే పడిపోతోంది. ఒకసారి లేచిందంటే రోజంతా నడుస్తోంది. కరెంటు బాగోకపోతే పని మధ్యలో కూడా పడిపోవాలి కదా? ఎప్పుడైనా కార్డు చేస్తుండగా పడిపోయిందా? మీరు రాయలేదు కాబట్టి పడలేదనుకుంటున్నాను.

నాకు నాలుగు సంగతులు కావాలి.

రాత్రి షాపు కట్టేటప్పుడు మెయిన్ స్విచ్ కట్టేస్తారా? స్టెబిలైజర్ పెట్టాక రెండు రోజులు నడిచిందన్నారు. ఆ మధ్య వచ్చిన రాత్రి మామూలు రాత్రికి భిన్నంగా ఏమైనా జరిగిందా? ఇది బాగా గుర్తుచేసుకుని చెప్పండి.

ఆన్ చేయగానే, విండోస్ గుర్తు రాకముందు, నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో ఏదైనా అడుగుతోందా?

విండోస్ లేచిన రోజుల్లో కింద కుడివైపు మూలన తేదీ, టైము సరిగ్గా ఉన్నాయా?

ఆఖరుది, ఆ నీలం తెర. కంటితో చదవలేరు. ఫోన్‌లో వీడియో తీసి, తర్వాత ఆపి చూడండి. కింద లైను ఉన్నదున్నట్టు రాయండి.

పర్లాకిమిడి కార్డులవాడు:

గురువు గారూ, ముందు మీ రెండో ప్రశ్న. అవును, అడుగుతోంది! నల్ల తెర మీద రెండు మూడు లైన్లు వచ్చి ఎఫ్1 నొక్కమంటుంది. నేను నొక్కి ముందుకెళ్ళిపోతున్నాను. ఇది కూడా ఈ గొడవ మొదలైనప్పటినుంచే. కీబోర్డు గురించి ఏదో అనుకుని మీకు రాయలేదు. ఇప్పుడు వీడియోలో చూస్తే సీమాస్ అనే మాట, డిఫాల్ట్ అనే మాట ఉన్నాయి.

తేదీ కూడా సరిగ్గా లేదు. స్టెబిలైజర్ పెట్టిన రోజు ఒకావిడ పెన్షన్ ఫారం నింపబోతే సైట్ తెరుచుకోలేదు, కనెక్షన్ సురక్షితం కాదంది. నెట్ సమస్య అనుకుని మోడెం ఆపి వేశాను. తర్వాత చూస్తే మూలన 2012 జనవరి అని ఉంది. నేనే సరిచేశాను, సైట్ తెరుచుకుంది. అంతకుముందు సేవ్ చేసిన కార్డు ఫైలు మీద మాత్రం ఇప్పటికీ 2012 తేదీయే ఉండాలి.

మెయిన్ స్విచ్ రోజూ కట్టేస్తాను. పక్క షాపులో ఒకసారి షార్ట్ సర్క్యూట్ అయినప్పటినుంచి ఈ అలవాటు. యూపీఎస్ ఉన్నప్పుడు దాని లైను వేరుగా ఉండేది, దాన్ని కట్టేసేవాణ్ణి కాదు.

ఇక ఆ రాత్రి. మీరు అడిగితే గుర్తొచ్చింది. ఒక పెళ్ళివాళ్ళకి తెల్లారేసరికి 300 కార్డులు కావాలి. ఒంటిగంట దాకా ప్రింటు తీసి, ఇంటికెళ్ళే ఓపిక లేక షాపులోనే చాప వేసుకుని పడుకున్నాను. కంప్యూటర్ షట్‌డౌన్ చేశాను కానీ ఫ్యాన్ కోసం మెయిన్ అలాగే ఉంచాను. పొద్దున్నే ఆన్ చేస్తే లేచింది. తర్వాతి రాత్రి ఇంటికెళ్ళాను, మెయిన్ కట్టేశాను. ఆ పొద్దున్నే లేవలేదు.

పని మధ్యలో ఒక్కసారి కూడా పడిపోలేదు.

వీడియో ఆపి చూశాను. కింద ఇలా ఉంది: ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్.

బరంపురం సర్వీస్:

దొరికింది. టెన్షన్ పడకండి, మీ డిస్కులు రెండూ బాగానే ఉన్నాయనే నా నమ్మకం. నేను చెప్పింది సరైనదైతే, మీకు కావలసింది ఒక గుండీ బ్యాటరీ. దాని మీద సీఆర్ 2032 అని ఉంటుంది, రూపాయి బిళ్ళంత ఉంటుంది. యాభై రూపాయల లోపే.

ఎలాగో చెప్తాను. మదర్‌బోర్డుకి కొన్ని సంగతులు ఎప్పుడూ గుర్తుండాలి. తేదీ, టైము, ఏ డిస్క్ నుంచి లేవాలి, డిస్క్‌తో ఏ పద్ధతిలో మాట్లాడాలి, ఇలాంటివి. మీ తెర మీద సీమాస్ అన్నది వీటి సంగతే. కంప్యూటర్ షట్‌డౌన్ చేసినా మెయిన్ కరెంటు ఉన్నంతసేపూ ఎస్ఎంపీఎస్ నుంచి 5 వోల్టుల సన్నని కరెంటు బోర్డుకి వస్తూనే ఉంటుంది. దాని మీదే ఈ గుర్తులు నిలుస్తాయి. మెయిన్ కట్టేస్తే మాత్రం ఆ గుండీ బ్యాటరీయే దిక్కు. మీ బ్యాటరీ 2013 నాటిది అయ్యుంటుంది. మామూలుగా ఇవి నాలుగైదేళ్ళు వస్తాయి. మీది ఎప్పుడో అయిపోయింది. యూపీఎస్ ఎప్పుడూ ఆన్‌లో ఉండటం వల్ల మీకు తెలియలేదు. యూపీఎస్ తీసేసి మెయిన్ కట్టేసిన మొదటి రాత్రే బోర్డు అన్నీ మరిచిపోయింది. పొద్దున్నే ఎఫ్1 అడిగింది అందుకే. 'నాకేమీ గుర్తులేదు, ఫ్యాక్టరీ సెట్టింగులతో మొదలుపెడుతున్నాను' అని చెప్తోంది పాపం.

మరి మరిచిపోతే తేదీ తప్పాలి గానీ విండోస్ ఎందుకు పడిపోవాలి? అసలు కిటుకు ఇక్కడుంది. డిస్క్‌తో మాట్లాడటానికి ఐడీఈ అనే పాత పద్ధతి, ఏహెచ్‌సీఐ అనే కొత్త పద్ధతి ఉన్నాయి. ఆ కాలపు హెచ్61 బోర్డుల్లో కొన్నిటికి ఫ్యాక్టరీ సెట్టింగు ఐడీఈయే. 2019లో మీ మెకానిక్ ఎస్ఎస్‌డీ వేసినప్పుడు ఏహెచ్‌సీఐకి మార్చి విండోస్ ఎక్కించాడు. సరైన పనే చేశాడు, ఎస్ఎస్‌డీకి అదే మంచిది. విండోస్ ఎక్కేటప్పుడు ఏ పద్ధతి ఉందో ఆ డ్రైవర్‌నే లేచేటప్పుడు వాడుకుంటుంది. ఇప్పుడు బోర్డు ఐడీఈకి వెళ్ళిపోయింది, విండోస్ ఏహెచ్‌సీఐలో పిలుస్తోంది, డిస్క్ పలకడం లేదు. బూట్ డివైస్ అందడం లేదని ఆ నీలం తెర మీద చెప్తున్నది అదే.

మెకానిక్ దగ్గర ప్రతిసారీ ఎందుకు నడిచిందంటే, అతను బయోస్‌లోకి, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల తెరలోకి వెళ్ళి ఆ సెట్టింగు మార్చి ఉంటాడు. మీరు ఆటో ఎక్కించడానికి వైరు పీకిన నిమిషంలోనే బోర్డు మళ్ళీ మరిచిపోయింది. షాపులో పడుకున్న రాత్రి మెయిన్ ఉంది కాబట్టి మరవలేదు.

ఫార్మాట్ చేసి ఉంటే కూడా ఇది బాగయ్యేది. ఐడీఈలో ఉండగానే విండోస్ మళ్ళీ ఎక్కేది కాబట్టి ఇంక పడిపోయేది కాదు, బ్యాటరీ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. ఇలా ఫార్మాట్‌తో నయమైనట్టు కనిపించిన మెషీన్లు నా దగ్గరికి చాలా వచ్చాయి. వాటితో పాటు పోయిన ఫొటోలు, ఫైళ్ళు మాత్రం ఎవరమూ తిరిగి తేలేకపోయాం. మీరు ఆగి అడిగినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది.

ఇలా చేయండి. మెయిన్ కట్టేసి, వైరు పీకి, పవర్ బటన్‌ని పది సెకన్లు నొక్కి ఉంచండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్‌లో రంగు లేని ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకుని మొదలుపెట్టండి. బ్యాటరీ పక్కన చిన్న క్లిప్పు ఉంటుంది, దాన్ని వేలిగోరుతో వెనక్కి తోస్తే బ్యాటరీ దానంతటదే లేస్తుంది. స్క్రూడ్రైవర్‌తో పెకిలించకండి. కొత్తది పెట్టేటప్పుడు ప్లస్ గుర్తు, అక్షరాలు ఉన్న వైపు పైకి. తర్వాత ఆన్ చేసి డిలీట్ కీ టకటకా నొక్కుతూ ఉంటే బయోస్ తెరుచుకుంటుంది. తేదీ సరిచేయండి. సాటా మోడ్ అన్నచోట ఐడీఈ ఉంటే ఏహెచ్‌సీఐ చేయండి. బూట్ వరసలో ఎస్ఎస్‌డీ ముందుండాలి. ఎఫ్10 నొక్కి సేవ్ చేయండి. ఇంకే సెట్టింగూ ముట్టుకోవద్దు.

క్యాబినెట్ జిల్లుమనడం వేరే జబ్బు. మీ షాపు ప్లగ్గులో ఎర్త్ లేదు, లేదా వదులైంది. స్టెబిలైజర్ దాన్ని సరిచేయలేదు. దానికి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, వాయిదా వేయకండి. పని చేసేది మీరొక్కరే కాదు, షాపులోకి పిల్లలు కూడా వస్తారు.

రాయగడ ల్యాబ్:

అన్నా, నేను ర్యామ్ అని తొందరపడి చెప్పాను. ఎఫ్1 మాట ఆయన అడిగేదాకా నాకు తట్టనేలేదు. మా ల్యాబ్‌లో సెలవుల తర్వాత మూడు సిస్టమ్‌లు ఎఫ్1 అడుగుతున్నాయి. వేసవి సెలవుల్లో మెయిన్ కట్టేస్తాం. రేపే బ్యాటరీలు మారుస్తాను.

పర్లాకిమిడి కార్డులవాడు:

నిన్న సాయంత్రం చేశాను. ఈరోజు పొద్దున్న కూడా చూశాకే రాస్తున్నాను.

కంప్యూటర్ షాపులో ఆ బ్యాటరీ లేదంటే గడియారాల రిపేరు ఆయన దగ్గర దొరికింది. నలభై రూపాయలు. ఎర్త్ చూడటానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ దగ్గర మీటరు ఉంటే పాత బ్యాటరీని కొలిపించాను. మూడు వోల్టులు చూపించాల్సింది 1.1 చూపించింది. కొత్తది 3.2.

క్లిప్పు మీరు చెప్పినట్టే గోరుకే కదిలింది. బ్యాటరీ ఎగిరి పడకుండా ఎడమచేయి అడ్డం పెట్టాను. పాత బ్యాటరీ అంచు చుట్టూ తెల్లగా పొడి కట్టి ఉంది, అది కూర్చున్నచోట సరిగ్గా దాని మేర గుండ్రంగా దుమ్ములేని మచ్చ. ఇన్నేళ్ళలో దాన్ని ఎవరూ కదపలేదు. పొడిగుడ్డతో తుడిచి కొత్తది పెట్టాను. డిలీట్ కీ నొక్కుతూ కూర్చుంటే బయోస్ వచ్చింది. తేదీ 2012 జనవరి 1. సాటా మోడ్ ఎదురుగా ఐడీఈ అనే ఉంది. ఆ మూడక్షరాలు చూడగానే నాకు ఒళ్ళు జలదరించింది గురువు గారూ. నన్నూ నా షాపునూ చూడకుండానే నా పెట్టె లోపల ఏముందో మీరు చెప్పారు.

మార్చి, ఎఫ్10 నొక్కాను. చుక్కలు రెండు చుట్లు తిరిగాయి, మూడోది తిరిగింది, నాలుగోది తిరిగింది, నా డెస్క్‌టాప్ బొమ్మ వచ్చింది. పెన్‌డ్రైవ్ చేతిలో సిద్ధంగా పట్టుకునే ఉన్నాను. కార్డుల ఆర్డర్లు తెరవలేదు. ముందు 'నాన్న' అని ఉన్న ఫోల్డర్ తెరిచి లెక్కపెట్టాను. 143 ఉన్నాయి. టీచర్ గారూ, మీరు చెప్పినట్టు రెండు పెన్‌డ్రైవుల్లోకి కాపీ చేశాను. ఒకటి నా దగ్గర, ఇంకోటి పాతపట్నంలో మా చెల్లి ఇంట్లో. ఈ ఒడ్డున ఏమైనా జరిగినా మహేంద్రతనయ నది అవతల ఒకటి ఉంటుంది.

రాత్రి మెయిన్ కట్టేసి ఇంటికెళ్ళాను. నిద్ర సరిగ్గా పట్టలేదు. పొద్దున్న ఆరింటికే తలుపు తీసి ఆన్ చేశాను. ఎఫ్1 అడగలేదు. తేదీ సరిగ్గా ఉంది. లేచింది.

మెకానిక్ తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. 'అవునన్నా, ప్రతిసారీ ఏహెచ్‌సీఐ నేనే మార్చేవాణ్ణి, విండోసే దాన్ని మళ్ళీ మార్చేస్తోందనుకున్నాను' అన్నాడు. స్టెబిలైజర్ వెనక్కి తీసుకుంటానన్నాడు. వద్దన్నాను, జెరాక్స్ మెషీన్‌కి పెట్టుకున్నాను. ఎర్త్ వైరు స్విచ్ బోర్డు వెనక స్క్రూ దగ్గర ఊడిపోయి ఉంది. బిగించాక క్యాబినెట్ జిల్లుమనడం లేదు.

జయపురం అన్నగారి మాట కూడా మనసులో పెట్టుకున్నాను. ఈ ముహూర్తాలు అయ్యాక ఆన్‌లైన్ ఫారాలకి వేరే మెషీన్ తీసుకుంటాను. దీన్ని నెట్‌కి తగిలించకుండా కార్డులకే ఉంచుతాను.

ఇప్పుడు ఇంకో సందేహం. పాటలన్నీ అను ఫాంట్లలో ఉన్నాయి. చెల్లి తన ఫోన్‌లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు కనిపించాయట. ఇది ఎవరైనా చదవగలిగేలా చేయడం ఎలా?

గుణుపురం టీచర్:

బాబూ, కళ్ళు చెమర్చాయి. చాలా మంచి పని చేశారు.

అను ఫాంట్లలో మామూలు ఇంగ్లీషు గుర్తుల స్థానంలోనే తెలుగు బొమ్మలు కూర్చి ఉంటాయి. ఆ ఫాంట్ లేని చోట అసలు గుర్తులే బయటపడతాయి. ముందు అన్నిటినీ పేజ్‌మేకర్ నుంచి పీడీఎఫ్‌గా చేసి పెట్టుకోండి. అప్పుడు అక్షరాలు ఫోన్‌లోనైనా అలాగే కనిపిస్తాయి. ఆ తర్వాత యూనికోడ్‌లోకి, అంటే ప్రత్యేక ఫాంట్ లేకపోయినా ఫోన్లలో తెలుగుగానే కనిపించే పద్ధతిలోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, వాటిలో వేయొచ్చు. కానీ వాటిని గుడ్డిగా నమ్మకూడదు. వత్తుల దగ్గర, ముఖ్యంగా ర వత్తు, క్ష ఉన్నచోట తప్పులు దొర్లుతాయి. పీడీఎఫ్ పక్కన పెట్టుకుని లైను లైనూ చూడాలి. ఆ పని నేను చేస్తాను. పది పాటలు చొప్పున పంపండి.

ఒక్క మాట ముందే చెప్తున్నాను. ముసలమ్మలు 'ఏటి', 'ఒల్లనమ్మా', 'ఎల్లిపోతాది' అన్నచోట మీ నాన్నగారు అలాగే రాసి ఉంటారు. దాన్ని 'ఏమిటి' అనీ 'వెళ్ళిపోతుంది' అనీ మీరు దిద్దొద్దు, నేనూ దిద్దను. జనం నోట పలికే తెలుగుకి గౌరవం తెచ్చిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మీది. మీ నాన్నగారికి ఆ సంగతి నాకంటే బాగా తెలిసే ఉంటుంది.

పర్లాకిమిడి కార్డులవాడు:

బాగా తెలుసమ్మా. టైపు చేసేటప్పుడు నేను ఒకసారి 'ఎల్లిపోతాది'ని దిద్దబోతే, 'ఆవిడ అలా పాడలేదురా, తీసెయ్' అన్నారు. స్టూలు మీంచి లేచి వచ్చి తెర మీద వేలు పెట్టి మరీ చూపించారు.

ఈ రాత్రి రెండు కార్డులు ప్రింటుకి పంపాలి. అవి అయ్యాక నలుగు పాటలు పది పంపుతాను. ఐదో పాటలో ఒక ఒడియా మాట ఉంది, దాని పక్కన నాన్న ప్రశ్నార్థకం పెట్టించారు. మీకేమైనా తెలుస్తుందేమో చూడండి.